398 గజాల పార్ 4, ఎడమ చెరువు, కుడి గోడ: టీ మీద ఏ క్లబ్ తియ్యాలి?

వర్తూరు_వాసు:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఈ గోల్ఫ్ ఫోరంలో చదువుతూనే ఉన్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. అదీ ఒక్క హోల్ కోసం, నవ్వుకోకండి. నాలుగేళ్ళుగా ఆడుతున్నాను, హ్యాండిక్యాప్ 18 (రౌండ్ మొత్తంలో పార్ కంటే అదనంగా నాకు ఇచ్చే స్ట్రోకులు, అంటే దెబ్బలు). బెంగళూరు బయట ఒక కోర్సులో ప్రతి ఆదివారం పొద్దున ఆరున్నరకి మా నలుగురు ఫ్రెండ్స్‌కి టీ టైమ్ ఉంటుంది. కోర్సు పేరు ఇక్కడ ఎందుకులెండి, తిట్టేది కోర్సుని కాదు, నన్ను నేనే.

ఏడో హోల్. పార్ 4, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సింది. తెల్ల టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) మధ్యకి 398 గజాలు, ఇండెక్స్ 1, అంటే కష్టంలో మొదటిది. టీ మీద నిలబడితే కుడివైపు పొడవునా కాంపౌండు గోడ, గోడ అవతల అపార్ట్‌మెంట్లు, అంటే ఓబీ (హద్దు బయట). ఎడమవైపు 200 గజాల దాకా ఏ గొడవా లేదు, అక్కడినుంచి చెరువు మొదలు, ఎర్ర గూటాలు, అంటే పడితే పెనాల్టీ. సరిగ్గా చెరువు మొదలైన చోటే కుడివైపు రెండు బంకర్లు (ఇసుక గుంటలు) తవ్వించాడు ఆ డిజైన్ చేసిన మహానుభావుడు, అందుకని 205 నుంచి 245 గజాల మధ్య ఫెయిర్‌వే (కత్తిరించిన గడ్డి దారి) వెడల్పు పాతిక గజాలు కూడా ఉండదు. దానికి ముందు మాత్రం 45 గజాల వెడల్పు, పిల్లలు క్రికెట్ ఆడుకోవచ్చు. ఇదంతా దాటాక, టీ నుంచి లెక్కేస్తే 345 గజాల దగ్గర, ఫెయిర్‌వేకి అడ్డంగా ఒక నాలా, పసుపు గూటాలు, అక్కడా పెనాల్టీయే. గ్రీన్ ముందు కుడివైపు నా భుజం ఎత్తు బంకర్. గ్రీన్ వెనక నుంచి ముందుకి వాలు, జెండా పైనుంచి పట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ) కొట్టాల్సి వస్తే నూనె రాసిన బండ మీద బంతి వదిలినట్టే.

నా సంచిలో సంగతి, ఏ క్లబ్‌తో బంతి ఎన్ని గజాలు పోతుందంటే: డ్రైవర్ గాలిలో 210, దొర్లి 220. త్రీ వుడ్ 200 అని నలుగురిలో చెప్పుకుంటాను గానీ నాలుగింట్లో ఒకటి అలా పోతుంది, మిగతా మూడూ టాప్ అయ్యి (క్లబ్ బంతి నెత్తిన తగిలి) గడ్డి మీద పాకుతాయి. ఫోర్ హైబ్రిడ్ 180. 5 ఐరన్ 160, 6 ఐరన్ 150, 7 ఐరన్ 140, 8 ఐరన్ 130, 9 ఐరన్ 118, పిచింగ్ వెడ్జ్ 105, శాండ్ వెడ్జ్ ఫుల్‌గా తిప్పితే 80.

గత 11 రౌండ్ల కార్డులు తీసి చూశాను. ఆ హోల్‌లో నా స్కోర్లు వరసగా 8, 7, 6, 9, 7, 6, 8, 5, 10, 7, 8. సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆరో హోల్ పట్ కొట్టేటప్పుడే ఏడో హోల్ టెన్షన్ మొదలవుతుంది, ఒక్కోసారి దానివల్ల ఆరోది కూడా పోతుంది.

మా క్యాడీ (సంచి మోసే సహాయకుడు) కోలారు వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడతాడు. ప్రతిసారీ ఒకటే మాట, "డ్రైవర్ ఎందుకు సార్, హైబ్రిడ్ సాకు" (కన్నడంలో చాలు అని). మా వాళ్ళేమో నాలుగు వందల గజాల పార్ 4లో హైబ్రిడ్ ఏంట్రా, నీకేమన్నా అరవై దాటాయా అని ఎగతాళి. ఆ మాట చెవిలో పడగానే చెయ్యి దానంతట అదే డ్రైవర్ మీదకి పోతుంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, టీ మీద డ్రైవరా, త్రీ వుడ్డా, హైబ్రిడ్డా?


డ్రైవర్_రాజు:

బ్రో, డ్రైవరే. ఇంకో మాట లేదు.

హైబ్రిడ్ కొట్టి 185 దగ్గర ఆగావనుకో, ఇంకా 213 ఉంటుంది, నీ సంచిలో 213 పోయే క్లబ్ ఏది? లేదు. అంటే టీ మీదే చేతులెత్తేసినట్టు. ఫెయిర్‌వే వెనకాల ఉండటం కంటే రఫ్‌లో (పక్కన పెరిగిన గడ్డిలో) ముందు ఉండటమే మేలని, ఒక్కో దెబ్బ లాభనష్టం తేల్చే ఈ స్ట్రోక్స్ గెయిన్డ్ లెక్కలు వచ్చాక అందరూ ఒప్పుకున్నారు, ప్రోలకే కాదు మనకీ అంతే. సేఫ్‌గా ఫెయిర్‌వేలో పెట్టు అనేది మన నాన్నల కాలం సలహా. నువ్వు చెయ్యాల్సింది ఒకటే, టీ బాక్స్‌లో కుడి చివర టీ గుచ్చు, గోడకి ఆనుకుని నిలబడ్డట్టు. అక్కడినుంచి ఎడమకి గురిపెట్టు. గోడ ఉన్న వైపు నుంచే కొడితే గోడకి దూరంగా కొట్టడానికి చోటు ఎక్కువ దొరుకుతుంది. చాలామంది భయపడి ఎడమ చివరికి వెళ్ళి నిలబడతారు, అక్కడినుంచి బంతి నేరుగా గోడవైపే పోతుంది. స్లైస్ (బంతి కుడికి వంగిపోవడం) ఉన్నవాడికి అది మరీ ఆత్మహత్య.

భయంతో కొట్టిన హైబ్రిడ్ కూడా గోడ దాటుతుంది బ్రో, నేను దాటించాను.


పాత_బెంగళూరు:

వాసు బాబూ, రాజు చెప్పిన టీ బాక్స్ చిట్కా మంచిది, అది తీసుకో. మిగతాది నీకు పనికిరాదు.

నాకు 67, హ్యాండిక్యాప్ 21. నీ స్నేహితులు అరవై దాటాయా అని వెక్కిరించారు కదా, దాటినవాడి మాట విను. నీ హ్యాండిక్యాప్ 18 అంటే ప్రతి హోల్‌కీ ఒక స్ట్రోక్ నీకు ఇస్తున్నారు. ఇండెక్స్ 1 హోల్‌లో తప్పకుండా ఉంటుంది. అంటే కార్డు మీద పార్ 4 అని అచ్చేసి ఉన్నా అది నీకు పార్ 5. 5 కొడితే స్టేబుల్‌ఫోర్డ్ అనే పాయింట్ల పద్ధతిలో రెండు పాయింట్లు వచ్చి ఒళ్ళో పడతాయి. 398 గజాల పార్ 5 అని ఎవరైనా చెబితే నువ్వు ఎగిరి గంతేస్తావు. మరి దాన్ని రెండు దెబ్బల్లో ఎక్కాలని ఎవరు చెప్పారు నీకు?

ఇప్పుడు టీ మీద నిలబడి ఆలోచించడం మానేసి గ్రీన్ మీద నిలబడి వెనక్కి చూడు. మేము నేర్చుకున్న పద్ధతి అది. నీకు అన్నిటికంటే నమ్మకమైన షాట్ ఏది? సగం సగం తిప్పాల్సిన 50 గజాలది కాదు, ఫుల్‌గా తిప్పే శాండ్ వెడ్జ్ 80. సరే, గ్రీన్ మధ్య నుంచి 80 వెనక్కి వస్తే టీ నుంచి 318. నాలా 345 దగ్గర, అంటే ఇంకా 27 గజాలు చేతిలో ఉన్నాయి. 318కి చేరాలంటే రెండు షాట్లు కావాలి. హైబ్రిడ్ 180, దొర్లి 185 అనుకుందాం. మిగిలింది 133. అది నీ 8 ఐరన్. అయిపోయింది. హైబ్రిడ్, 8 ఐరన్, శాండ్ వెడ్జ్. నీ హైబ్రిడ్ ఎంత బాగా తగిలినా చెరువు దాకా పోదు, 8 ఐరన్ ఎంత బాగా తగిలినా నాలాలో పడదు. బాగా కొట్టినందుకు శిక్ష పడే క్లబ్ ఎప్పుడూ పట్టుకోకు. తప్పు కొట్టినప్పటి సంగతి అందరూ ఆలోచిస్తారు, బ్రహ్మాండంగా తగిలితే ఎక్కడ పడుతుందో ఒక్కడూ ఆలోచించడు.

హైబ్రిడ్ మీద కూడా నమ్మకం లేదంటే 5 ఐరన్ కొట్టు. 160, దొర్లి 168 దాకా. తర్వాత 7 ఐరన్, దొర్లి 313. అప్పుడూ 85 మిగులుతుంది, అదే వెడ్జ్. చూశావా, టీ మీద 17 గజాలు వదులుకుంటే చివర్లో తేడా 5 గజాలు.

డ్రైవర్ తీయకపోతే నామోషీ అనుకోకు. 2006లో హాయ్‌లేక్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో టైగర్ వుడ్స్ నాలుగు రౌండ్లు కలిపి డ్రైవర్ ఒక్కసారే తీశాడు, 18 అండర్ (పార్ కంటే 18 తక్కువ) కొట్టి గెలిచాడు. ఆ ఏడు నేలంతా ఎండి గట్టిపడి బంతి తెగ దొర్లేది, బంకర్లకి ముందే ఆపుకుంటూ వచ్చాడు. మన ఊళ్ళోనూ అంతే, 1876 నుంచి ఉన్న బెంగళూరు గోల్ఫ్ క్లబ్ నగరం నడిబొడ్డున చెట్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది, అక్కడ పెరిగినవాళ్ళకి టీ మీద ఐరన్ తీయడం కొత్త కాదు.

ఇంకొక చిన్న సంగతి. హ్యాండిక్యాప్ లెక్కలో ఒక హోల్‌కి నెట్ డబుల్ బోగీ (పార్ మీద రెండు, పైన నీకిచ్చే స్ట్రోకు) మించి తీసుకోరు, అంటే నీకు అక్కడ 7. నువ్వు కొట్టిన 8, 9, 10 అన్నీ అక్కడ 7గానే ఎక్కాయి. కనుక నీ హ్యాండిక్యాప్ కాగితం మీద నీ అసలు బాధ కనిపించదు, ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రమే కనిపిస్తుంది.


డ్రైవర్_రాజు:

సార్ మీరంటే గౌరవమే గానీ టైగర్ టూ ఐరన్ మన డ్రైవర్ కంటే ముందు పడుతుంది, ఆ ఉదాహరణ మనకెందుకు :) ఆయన డ్రైవర్ తీయకపోయినా గ్రీన్ అందుతుంది. వాసుకి అందదు. పాయింట్ అదే.


లక్ష్మి_కోరమంగళ:

ఇద్దరూ ఆగండి. వాసు గారూ, ఒక్క సంగతి చెప్పండి. ఆ 11 కార్డుల్లో టీ షాట్ ఎన్నిసార్లు గోడ దాటింది, ఎన్నిసార్లు చెరువులో పడింది? నాలాలో ఎన్ని బంతులు పోయాయి? గ్రీన్ మీద మూడేసి పట్‌లు ఎన్నిసార్లు? గుర్తున్నంతవరకు నిజం రాయండి, మీరు డాక్టర్‌తో మాట్లాడుతున్నారనుకోండి.


వర్తూరు_వాసు:

లక్ష్మి గారూ, ఆ ఫోన్ యాప్‌లో అన్నీ నొక్కే జబ్బు ఉంది నాకు కాబట్టి ఉన్నాయి లెక్కలు. టీ షాట్ ఓబీ 3 సార్లు, చెరువు 2 సార్లు. 11 సార్లూ డ్రైవరే. నాలాలో 6 బంతులు. మూడు పట్‌లు 5 సార్లు.

నాలా దాటించి గ్రీన్ మీద వెయ్యాలని మొత్తం 9 సార్లు ప్రయత్నించాను, ఎక్కువగా హైబ్రిడ్, రెండు మూడు సార్లు త్రీ వుడ్. అందులో 6 నాలా, 2 ఆ పెద్ద బంకర్, ఒక్కటి గ్రీన్ మీద పడింది. ఆ ఒక్కటి పడిన రోజు నేను ఎంత సంబరపడ్డానంటే వీడియో తీయమన్నాను, తర్వాత మూడు పట్‌లు కొట్టాను. ఆ 5 అదే.


లక్ష్మి_కోరమంగళ:

ఇదే నేను అనుకున్నది. ఇప్పుడు చూడండి.

మీ 11 స్కోర్ల మొత్తం 81. అన్నిసార్లూ 5 కొట్టి ఉంటే 55. తేడా 26 స్ట్రోకులు. అందులో టీ షాట్ వాటా ఎంత? ఓబీ ఒక్కోటి దగ్గర దగ్గర రెండు స్ట్రోకులు, ఎందుకంటే పెనాల్టీ ఒకటి, మళ్ళీ వెనక్కి వెళ్ళి అక్కడినుంచే కొట్టాలి కాబట్టి వచ్చిన దూరం కూడా పోయింది. మూడు ఓబీలు 6, చెరువు రెండు. మొత్తం 8. మిగతా 18 టీ దాటాకే పోయాయి. నాలా పెనాల్టీలు 6, మూడో పట్‌లు 5, మిగిలిన 7 బంకర్లోనూ, నాలా పక్కన డ్రాప్ చేసి (బంతిని చేత్తో జారవిడిచి) కొట్టిన చెత్త చిన్న షాట్లలోనూ. కాబట్టి మీరు వేసిన ప్రశ్నే తప్పు. టీ మీద ఏ క్లబ్ అని అడిగారు, డబ్బు పోయేది రెండో షాట్‌లో. రాజూ, పాత బెంగళూరు గారూ కొట్టుకున్నది మూడోవంతు కంటే తక్కువ సొమ్ము గురించి.

అసలు కిటుకు ఆ తొమ్మిదిలో ఒకటి అన్న లెక్కలో ఉంది. ఆ ఒక్కటి తగిలినా మీకు వచ్చింది 5. పెద్దాయన చెప్పిన హైబ్రిడ్, 8 ఐరన్, వెడ్జ్ దారిలో సాదాసీదాగా రెండు పట్‌లు కొట్టినా వచ్చేది 5. మరి ఆ 6 బంతులు నాలాకి ఎందుకు సమర్పించినట్టు?

1999 బ్రిటిష్ ఓపెన్‌లో, కార్నూస్టీలో, ఫ్రెంచ్ ఆటగాడు వాన్ డి వెల్డ్ కథ చాలామందికి తెలుసు. చివరి హోల్‌కి వచ్చేసరికి మూడు స్ట్రోకుల ఆధిక్యం, 6 కొట్టినా ఓపెన్ ఆయనదే. టీ మీద డ్రైవర్ తీశాడని అందరూ ఇప్పటికీ తిడతారు. కానీ ఆ డ్రైవ్ పక్క హోల్ వైపు కుడికి పోయినా నీళ్ళలో పడలేదు, చక్కగా ఆడుకోగల చోటే ఆగింది. అక్కడినుంచి ఒక వెడ్జ్‌తో ముందుకి తోసి, ఇంకో వెడ్జ్‌తో గ్రీన్ ఎక్కితే అయిపోయేది. ఆయన టూ ఐరన్ తీశాడు. అది ప్రేక్షకుల స్టాండుకి తగిలి, కాలువ గోడ రాయికి తగిలి, వెనక్కి వచ్చి దట్టమైన గడ్డిలో పడింది. తర్వాతది కాలువలో. బూట్లు విప్పి నీళ్ళలో దిగి నిలబడ్డాడు. 7 కొట్టి ప్లేఆఫ్‌కి పోయాడు, ట్రోఫీ పాల్ లారీ ఎత్తుకెళ్ళాడు. మీరు ప్రతి ఆదివారం ఆడుతున్నది అదే సినిమా, కాకపోతే మీకు స్టాండు లేదు.

ఇంకో రెండు మాటలు, ఇవి నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి. నాలాలో పడినప్పుడు మీరు గట్టు పక్కనే డ్రాప్ చేస్తున్నారు కదా, అంటే 55, 60 గజాలు, సగం స్వింగ్. అలా చెయ్యక్కర్లేదు. పసుపు గూటాల దగ్గర బంతి ఎక్కడ గట్టు దాటిందో ఆ చోటునీ జెండానీ కలిపే గీత మీద ఎంత వెనక్కి అయినా వెళ్ళొచ్చు. 80కి వెళ్ళి డ్రాప్ చేసి ఫుల్ శాండ్ వెడ్జ్ కొట్టండి. ముందుకి దగ్గరగా ఉంటే మేలని మనసు లాగుతుంది, వినకండి. రెండోది, వెడ్జ్‌తో కొట్టేటప్పుడు జెండా కుడివైపు ఉంటే దాన్ని చూడనే చూడకండి. గ్రీన్ మధ్యకి, ఇంకా చెప్పాలంటే మధ్యకి కాస్త కిందకి. పైన పడితే ఆ నూనె బండ పట్ మీకు తప్పదు, మీరు 5 సార్లు మూడేసి పట్‌లు కొట్టింది అక్కడే అని నా అనుమానం. ఎనిమిది అడుగుల పట్ ప్రోలే సగం సార్లు తప్పుతారు, కనుక జెండా పక్కన వెయ్యాలన్న ఆశ మనకొద్దు.

దూరం లేనివాళ్ళు గోల్ఫ్ ఆడలేరని ఎవరైనా అంటే మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్‌ని చూపించండి. టోక్యో ఒలింపిక్స్‌లో డ్రైవ్ దూరంలో మిగతావాళ్ళకంటే బాగా వెనకే ఉండేది, వాళ్ళు ఐరన్‌లు కొడుతుంటే తను హైబ్రిడ్‌లూ వుడ్‌లూ కొట్టి, పట్టర్‌తో లాక్కొచ్చి నాలుగో స్థానం. పతకం ఒక్క స్ట్రోకులో పోయింది. ఆ వారం పొద్దున్నే లేచి టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో గోల్ఫ్ అంటే ఏంటో తెలియని మా అత్తగారు కూడా ఉన్నారు.


డ్రైవర్_రాజు:

సరే అక్కా, ఆ 9లో 1 అన్న లెక్క చూశాక నోరు మూసుకుంటున్నా. కానీ నేను చెప్పింది తప్పు కాదు, ఈ హోల్‌కి తప్పు. రెండు వైపులా పెనాల్టీ లేని చోట ఇప్పటికీ డ్రైవరే. తొమ్మిదో హోల్‌లో కూడా హైబ్రిడ్ మొదలుపెట్టాడంటే వాసుని నేనే వచ్చి కొడతా.


చెన్నై_శ్రీను:

ఆలస్యంగా చూశాను. నేను ఎక్కువగా ఆడింది చెన్నై గిండీలో, రేసుకోర్సు లోపలి జింఖానా కోర్సులో, పలకలా చదును, మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే క్లబ్ లెక్కలన్నీ మారిపోయేవి. ఆఫీసు పనిమీద బెంగళూరు వచ్చినప్పుడల్లా ఆడతాను కాబట్టి రెండు ఊళ్ళ తేడా తెలుసు.

వాసు బ్రో, నీ 180, 130, 80 ఎక్కడ కొలిచావు? రేంజ్‌లో అయితే జాగ్రత్త. అక్కడి బంతులు వందసార్లు దెబ్బలు తిన్నవి, మామూలు బంతి అంత దూరం పోవు. పైగా మ్యాట్ మీద బంతి వెనక తగిలినా క్లబ్ జారి బాగానే పోతుంది, గడ్డి మీద అదే దెబ్బకి ముప్పై గజాలు మింగేస్తుంది. కోర్సు మీద కొలు. ఇంకోటి, గాలిలో ఎంత పోతుందో, దొర్లి ఎంత పోతుందో వేరువేరుగా రాసుకో. నాలా దాటాలంటే కావాల్సింది మొదటిది, నాలా ముందు ఆగాలంటే చూడాల్సింది రెండోది. జూన్ నుంచి మీకు వానలు, ఫెయిర్‌వే తడిస్తే దొర్లడం ఉండదు, అప్పుడు పెద్దాయన చెప్పిన 185 కాస్తా 178 అవుతుంది. ప్లాన్‌లో పట్టుకోవాల్సింది క్లబ్ పేరు కాదు, చివర్లో మిగలాల్సిన ఆ 80.

బెంగళూరులో బంతి ఒక క్లబ్ ఎక్కువ పోతుందని మా చెన్నైవాళ్ళు వచ్చిన ప్రతిసారీ అంటారు. అంత లేదు. మీరు 900 మీటర్ల పైన ఉన్నారు, దానికి వచ్చేది మూడు, మూడున్నర శాతం, 150 గజాలకి 5 గజాలు. అది కూడా రెండు చోట్లా ఒకే వేడి ఉంటే. డిసెంబర్ పొద్దున బెంగళూరులో 15 డిగ్రీల చలిలో ఆడితే మా 30 డిగ్రీలతో పోల్చితే ఆ లాభంలో దాదాపు సగం అక్కడే కరిగిపోతుంది, చల్లగాలి బరువు ఎక్కువ. మా చెన్నై ఉక్కకి గాలి బరువెక్కి బంతి ఆగిపోతుందనేది కూడా వట్టి మాటే, తేమ గాలి పొడి గాలి కంటే కాస్త తేలికే. బరువెక్కేది మనం, చొక్కా తడిసి.

లక్ష్మి గారు చెప్పనిది ఒకటి ఉంది. రఫ్‌లో బంతి పడితే, ముఖ్యంగా తడి గడ్డిలో, క్లబ్ ముఖానికీ బంతికీ మధ్య గడ్డి నలిగి స్పిన్ పోతుంది, బంతి అనుకున్నదానికంటే పది గజాలు ముందుకి ఉరికి ఆగదు. కాబట్టి ఆ 8 ఐరన్ రఫ్ నుంచి కొట్టాల్సి వస్తే 9 ఐరన్ తీయి. నాలా ముందు 27 గజాలు ఉన్నాయి కదా అని ధీమా వద్దు.

నియమం ఒకటి కూడా. నెలవారీ మెడల్ లాంటి పోటీలో పక్కవాడిని ఏ క్లబ్ కొట్టావు అని అడగకూడదు, అడిగితే రెండు స్ట్రోకుల పెనాల్టీ. అతను చెప్పినా అతనికీ అంతే. క్యాడీని ఎంతైనా అడుగు. దూరం ఎంత ఉందని ఎవరినైనా అడుగు, అది తప్పు కాదు. దూరం కొలిచే లేజర్ వాడుకో, వాలు చూపించే స్విచ్ మాత్రం ఆపెయ్యి. మా దగ్గర ఒకాయన ఫైనల్ రోజు అలవాటుగా "సెవెనా?" అని అడిగి కప్పు పోగొట్టుకున్నాడు, ఇప్పటికీ ఆయన్ని అందరూ సెవెన్ సార్ అనే పిలుస్తారు.


వర్తూరు_వాసు:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి, రిలీజ్ ఉండి ఒక ఆదివారం ఆఫీసుకే అంకితం.

మొదటి ఆదివారం. టీ బాక్స్ కుడి చివర నిలబడి హైబ్రిడ్ తీశాను. క్యాడీ మొహం వెలిగిపోయింది. మా వాడొకడు "అంకుల్ వచ్చారండీ" అన్నాడు. బంతి నిటారుగా 183, ఫెయిర్‌వే మధ్యలో. ఇక్కడిదాకా బాగుంది. నడుచుకుంటూ వెళ్ళేసరికి 215 మిగిలింది, గడ్డి మీద బంతి ఎంత చక్కగా కూర్చుందంటే పీట మీద పెళ్ళికొడుకు. త్రీ వుడ్ తగిలితే నాలా దాటుతుంది కదా అన్న పురుగు బుర్రలో దూరింది. ఇక్కడ మీరందరూ అంత రాసిన తర్వాత, లక్ష్మి గారు కార్నూస్టీ కథ అంత వివరంగా చెప్పిన తర్వాత, నేను త్రీ వుడ్ తీశాను. టాప్. పాతిక గజాలు పాకి ఆగింది. క్యాడీ ఏమీ అనలేదు, చేతికి 6 ఐరన్ ఇచ్చి పక్కకి చూశాడు, అది తిట్టు కంటే ఎక్కువ గుచ్చుకుంది. అది కాస్త లావుగా (బంతి కంటే ముందు నేలకి) తగిలి 135 పోయింది, 55 మిగిలింది, సగం స్వింగ్‌తో ఎలాగో గ్రీన్ ఎక్కించి రెండు పట్‌లు, 6.

నిన్న ఆదివారం. మెడల్ రౌండ్. రాత్రంతా వాన, ఫెయిర్‌వే స్పాంజిలా ఉంది. హైబ్రిడ్ పడిన చోటే ఆగింది, లేజర్ చూస్తే 223. శ్రీను గారి మాట గుర్తొచ్చింది, 8 ఐరన్ కొడితే 93 మిగులుతుంది, అది నా శాండ్ వెడ్జ్‌కీ పిచింగ్ వెడ్జ్‌కీ మధ్య. అందుకని 7 ఐరన్. త్రీ వుడ్ సంచిలో లేదు, కారు డిక్కీలో వదిలేసి వచ్చాను, నన్ను నేను నమ్మను. 7 ఐరన్ బాగా తగిలింది, 83 మిగిలింది. శాండ్ వెడ్జ్ గ్రీన్ మధ్యకి కొంచెం కింద, జెండాకి ఐదంగల దూరం. పైకి పట్, నెమ్మదిగా, రెండు. 5.

ఏదో ఘనకార్యం చేసినట్టు కూడా అనిపించలేదు, అంత చప్పగా అయిపోయింది. మా అంకుల్ అన్నవాడు మాత్రం డ్రైవర్‌తో బంకర్లో పడి, అక్కడినుంచి నాలాకి వెళ్ళి, చివరికి 8. నేను 7 ఐరన్ కొట్టాక వాడు నా దగ్గరకొచ్చి "ఏ క్లబ్‌రా అది" అని అడగబోయాడు, నేను నోటికి అడ్డంగా వేలు పెట్టాను. వాడికి కోపం వచ్చింది, రౌండ్ అయ్యాక దోశ తింటూ సెవెన్ సార్ కథ చెప్పాను, అప్పుడు నవ్వాడు. దోశ డబ్బులు కూడా వాడే ఇచ్చాడు.

డ్రైవర్_రాజు బ్రో, తొమ్మిదో హోల్‌లో డ్రైవరే కొట్టాను, ఒట్టు.


పాత_బెంగళూరు:

శభాష్. మొదటి ఆదివారం సంగతి మీ లక్ష్మక్క చూడకముందే చెరిపేసెయ్యి.


లక్ష్మి_కోరమంగళ:

చూశాను.


చెన్నై_శ్రీను:

డిక్కీలో ఉన్న ఆ త్రీ వుడ్ ఎంతకిస్తావు బ్రో?


వర్తూరు_వాసు:

రాజు నిన్న రాత్రే మెసేజ్ పెట్టాడండీ, శనివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు.